జవాబు రాకముందే కదిలిన లిఫ్టు

లిఫ్టు పెట్టె కప్పు మీద మోకాళ్ళూని కూర్చుని, పనిముట్ల సంచీని విడిపించే పనిలో ఉన్నాడతను. సంచీ పట్టీ గోడకు బిగించిన ఇనుప కొక్కానికి తగులుకుంది. ఎడమ చేయి ఆ కొక్కానికీ పెట్టె అంచుకూ మధ్య సందులో ఉంది. అంతలో నడుముకున్న వాకీటాకీ గరగరమని ఏదో అంది. మాట చెవిన పడింది, అర్థం ఇంకా రాలేదు. గరగరలో వచ్చిన మాటకు అర్థం ఎప్పుడూ కాస్త వెనకగా నడిచొస్తుంది అతనికి. అది వచ్చి చేరేలోపే పెట్టె పైకి కదిలింది.

చెయ్యి లాక్కున్నాడు. చేతి తొడుగు మాత్రం సందులోనే ఉండిపోయింది. సంచీ అంచుల మధ్య పడి నలిగింది, లోపలి రెంచీలు పళ్ళు కొరికినట్టు చప్పుడు చేశాయి. కుడి చేత్తో ఎర్ర బటన్ కొట్టాడు. ఒక్క కుదుపుతో పెట్టె ఆగింది.

"అన్నా? ఏంటా చప్పుడు? అన్నా! ఏదో ఒకటి మాట్లాడన్నా!"

అప్పుడు చేరింది ఇందాకటి మాటకు అర్థం. 'పైకి తీస్తున్నా.'

అతను చేతి వంక చూసుకున్నాడు. మణికట్టు దగ్గర చర్మం లేచిపోయింది తప్ప వేళ్ళన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటీ ముడిచి, తెరిచి చూసుకున్నాడు. తర్వాత వాకీటాకీ నొక్కి, "ఆగింది" అన్నాడు. తాను చెప్పాల్సింది అది కాదని అతనికీ తెలుసు.

కంపెనీలో అతన్ని తాళంకప్ప అంటారు. నోటికి తాళం వేసుకుని తిరుగుతాడని. ఎగతాళిగా మొదలైన పేరే గానీ వాడి వాడి అరిగిపోయి, ఇప్పుడు మామూలు పేరులా వినిపిస్తుంది. పిలిస్తే పలుకుతాడు, పలకరిస్తే కంగారుపడతాడు. పెళ్ళయిన మనిషి. నలభైకి దగ్గర పడుతున్నాడు. పాత భవనాల లిఫ్టులకు మరమ్మతులు చేయడం వృత్తి. షాఫ్టులోకి, అంటే లిఫ్టు తిరిగే నిలువు గోతిలోకి దిగి తలుపు వేసుకుంటే ఊరి రొద అంతా బయటే ఆగిపోతుంది. గ్రీజు వాసన, తీగల మీద సన్నని మెరుపు, ఒక టార్చి వెలుతురు. అక్కడ అతని ముఖం చూసినవాళ్ళు, ఇంట్లో కూడా ఇంత హాయిగా ఉండడేమో అనుకుంటారు. ఆ మాట అతని భార్య అనుకోవడమే కాదు, అంటుంది కూడా.

ఈ పని ఎప్పుడూ జోడీగానే. ఒకడు భవనం కొసన మెషిన్ రూములో ఉంటాడు, ఒకడు లిఫ్టు కప్పు మీద. కొత్త లిఫ్టులకైతే కప్పు మీదున్నవాడే నడుపుకునే బటన్లు ఉంటాయి. పాతవాటికి కప్పు మీద ఆపే బటన్ ఒక్కటే ఉంటుంది, నడిపేదంతా మెషిన్ రూములో ఉన్నవాడే. అందుకే ఒక నియమం ఉంది. వాడు 'పైకి' అంటే వీడు 'పైకి' అని తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పేదాకా వాడు బటన్ ముట్టకూడదు. ఈ వృత్తిలో అఆల కంటే ముందొచ్చే పాఠం ఇది.

పాత జోడీగా ఉన్న పెద్దాయనతో ఆ చిక్కే రాలేదు. వాళ్ళిద్దరూ నోటితో మాట్లాడుకునేవాళ్ళు కాదు. స్పానరుతో ఇనుప పట్టా మీద తట్టేవాళ్ళు. ఒక తట్టు ఆగమని, రెండు పైకి, మూడు కిందికి. తట్టిందే తిరిగి తట్టాలి. ఇనుము మీది చప్పుడు అతనికి నేరుగా అర్థమయ్యేది. దారిలో ఎక్కడా ఆగేది కాదు. పెద్దాయన రిటైరయ్యాడు. వాకీటాకీలు వచ్చాయి, వాటితోపాటు రేడియో వచ్చాడు.

రేడియో అంటే మనిషే. ఇంకా ఉద్యోగం ఖాయం కాని కొత్త మెకానిక్కు. నిద్రలో తప్ప నోరు మూయడని ఆ పేరు పెట్టారు. అత్తగారింట్లో ఉంటున్నాడు. "ఇంట్లో మాట్లాడే వంతు నాకు రాదు, అందుకే ఇక్కడ కక్కేస్తున్నా" అని తనే చెప్పుకుంటాడు. మంచివాడు. పని తెలిసినవాడు. తాళంకప్పకు, రేడియోకు జోడీ కట్టారని తెలిసి స్టోరు గుమస్తా రోజంతా నవ్వాడు.

మొదట్లో రేడియో 'పైకి' అనేవాడు. జవాబు రాకపోతే మళ్ళీ అనేవాడు. ఇతనికి అర్థం చేరి, నొక్కి 'పైకి' అనే సమయానికి అవతలివాడు రెండోసారి నొక్కి ఉండేవాడు. ఇద్దరూ ఒకేసారి నొక్కితే వాకీటాకీలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అలా చిన్న పనికి కూడా పూట గడిచిపోయేది. చివరికి విసిగి రేడియో ఒక మాట అన్నాడు.

"ఒక పని చేద్దామన్నా. నీకు వద్దనిపిస్తే 'ఆగు' అను. అనకపోతే నేను తీసేస్తా. సరేనా?"

ఇతను తల ఊపాడు. ఊపడమే కాదు, మనసులో దండం కూడా పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి షాఫ్టు మళ్ళీ నిశ్శబ్దంగా ఉంది. ఎవరికీ చెప్పకుండా ఇద్దరూ నియమాన్ని తలకిందులు చేసి పెట్టారు. జవాబు రాకపోతే ఆగాలన్నది జవాబు రాకపోతే కదలాలని అయింది. అది వీళ్ళిద్దరి మధ్య తప్ప ఇంకెక్కడా పుట్టని పొరపాటు.

ఇవాళ్టి కుదుపుకు పెట్టెను పట్టాల మీద నిలిపే భాగం వంగిపోయింది, లిఫ్టు ఇరుక్కుపోయింది. భవనం వాళ్ళు కంపెనీకి ఫోన్ చేశారు. మర్నాటి ఉదయం ఇద్దరూ మేనేజరు ముందు హాజరు కావాలని కబురొచ్చింది.

భవనం మెట్ల మీద రేడియో అతని పక్కనే కూలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది.

"నీ చెయ్యి ఏదన్నా, చూడనీ. అమ్మో. ఇంకొంచెం ఉంటే..." అని ఆగి, గొంతు తగ్గించాడు. "రేపు ఏం చెప్తావ్?"

"ఏం అడుగుతారు?"

"అడిగేది ఒక్కటే కదా. జవాబిచ్చావా లేదా అని. ఇచ్చానని చెప్పన్నా. ఇచ్చాక సంచీ తగులుకుందని చెప్పు. నీకు నాలుగు చీవాట్లు పడతాయి, అంతే. ఇవ్వలేదంటే నన్ను ఇంటికి పంపేస్తారు. జవాబు లేకుండా తీసినవాణ్ణి ఉంచుతారా?"

"నేను చెప్పలేదు కదా."

"చెప్పలేదు కాబట్టే కదా చెప్పానని చెప్పమంటున్నా!"

అతను మణికట్టు వంక చూస్తూ ఉండిపోయాడు. అబద్ధం చెప్పలేని మనిషేమీ కాదు. ఒంట్లో బాగుండలేదని చెప్పి తప్పించుకున్న విందులు బోలెడు. కానీ ఈ అబద్ధానికి తోకలు ఎక్కువ. ఎంతసేపటికి జవాబిచ్చావు, చేయి సందులో ఉండగా ఎందుకిచ్చావు అని వరసగా అడుగుతారు. అనుకోని ప్రశ్నకు అతని దగ్గర అబద్ధం కాదు గదా, నిజం కూడా సమయానికి బయటికి రాదు. అబద్ధం అతికినా నిర్లక్ష్యం చేశాడన్న నింద అతని నెత్తిన పడుతుంది. అది పక్కన పెట్టినా, ఆ తర్వాత వేరే భవనంలో ఇదే జోడీ ఇలాగే పని చేయాలి.

చెప్పగలిగింది ఇంకొకటి ఉంది. అది ఇంట్లో తప్ప ఎవరికీ తెలీదు.

నిరుడు అక్క తన కొడుకును డాక్టరుకు చూపిస్తుంటే తోడు వెళ్ళాడు. పిల్లాడు ఇలా చేస్తాడా, అలా చేస్తాడా అని డాక్టరు అడుగుతుంటే, "వాడిది అచ్చు మేనమామ పోలికండీ, మా తమ్ముడూ అంతే" అని అక్క ప్రతిదానికీ ఇతన్ని చూపించింది. నాలుగైదు ప్రశ్నలయ్యాక డాక్టరు పిల్లాణ్ణి వదిలి ఇతని వంక చూసింది. ఆ తర్వాత విడిగా రమ్మంది. పరీక్షలయ్యాక తేల్చింది, ఆటిజం అని. జబ్బు కాదు, మెదడు పనిచేసే తీరే వేరని చెప్పింది. ఇంటికి వచ్చి భార్యకు చెబితే ఆమె చాలాసేపు ఆలోచించి, "అయితే మా అమ్మతో మాట్లాడకపోవడం పొగరు కాదన్నమాట" అంది. ఆ తర్వాత ఇంట్లో కొన్ని తగువులు తగ్గాయి.

ఆ సాయంత్రం చేతికి కట్టు కడుతూ ఆమె మొత్తం విన్నది. ఆమె చెప్పుల దుకాణంలో పనిచేస్తుంది. రోజంతా మనుషుల కాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ మనసులు చదవడం నేర్చుకుంది.

"నీకు నోరు తెరవడమే గగనం. తెరిచి తెరిచి ఇదా చెప్పేది?"

"లేకపోతే వాడి ఉద్యోగం పోతుంది."

"చెప్తే నీది పోతుంది. మా దుకాణంలో ఒకామెకి మూర్ఛ ఉండేది. పాపం నిజాయితీగా చెప్పుకుంది. 'నీ మంచికేనమ్మా' అని కౌంటరు నుంచి తీసి గొడౌన్లో పడేశారు. ఇప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అట్టపెట్టెలతో కాపురం. 'నీ మంచికే' అన్నారంటే మనకు మూడిందనే లెక్క." కట్టు ముడి గట్టిగా లాగింది. "నిన్ను మళ్ళీ షాఫ్టులోకి పంపుతారనుకుంటున్నావా? స్టోర్లో కూర్చోబెడతారు. నలుగురూ వచ్చి పోయే చోట. అక్కడ నువ్వు నెల బతుకుతావా?"

అతని భయం కూడా సరిగ్గా అదే. పని పోతుందని కాదు, షాఫ్టు పోతుందని. అతనికి వచ్చిన పని, నచ్చిన చోటు ఒక్కటే ఉన్నాయి.

"మరి వాడు?"

"వాడికి పెళ్ళాముంది, అత్తగారుంది, నోరుంది. ఎలాగో బతుకుతాడు. నీకేముంది?"

"నువ్వున్నావు."

"కబుర్లు చెప్పకు" అంది. కానీ గొంతులో పదును తగ్గింది. "ఒక్క మాట చెప్పు. ఇంతకీ వాణ్ణి అలా తీసెయ్యమని ఎవరన్నారు?"

"వాడే అన్నాడు. నేను తల ఊపాను."

ఆమె కత్తెర కింద పెట్టింది. ఆ తర్వాత చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

అతను లేచి పెద్దాయన ఇంటికి నడిచాడు. రెండు వీధుల అవతలే. పెద్దాయన తలుపు ఊడదీసి నేల మీద పడుకోబెట్టి, బందులకు నూనె పోస్తున్నాడు. రిటైరయ్యాక ఆయన ఇంట్లో ఏ తలుపూ నెల రోజులు నిలకడగా నిలబడింది లేదు. విషయమంతా విని చాలాసేపు నూనె డబ్బా తిప్పుతూ ఉన్నాడు.

"అదేదో పేరు చెప్పావే, అది నాకు తెలీదురా అబ్బాయ్. నువ్వు తట్టినప్పుడు తిరిగి తట్టేవాడివి. నాకంతకంటే అవసరం రాలేదు."

"రేపు చెప్పమంటావా, వద్దంటావా బాబాయ్?"

"నీ మెడ, నీ ఇష్టం. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో." ఆయన మొదటిసారి తల ఎత్తాడు. "ఆ తట్టుడు సంగతి ఎత్తకు. అదీ నియమానికి విరుద్ధమే. ఇన్నేళ్ళు చేసి మచ్చ లేకుండా బయటపడ్డాను. నన్నిందులోకి లాగకు."

అతను ఒప్పుకున్నాడు. తిరిగి వస్తుంటే దారిలో తట్టింది, తాను పెద్దాయన దగ్గరికి ధైర్యం కోసం వెళ్ళానని, ఆయన దగ్గర తన భయం కంటే పెద్ద భయం ఉందని.

మేనేజరు గది గోడలు సగం అద్దాలవి. బయట టెలిఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఏసీ నుంచి కారే నీళ్ళకు కింద బకెట్టు పెట్టారు, అందులో చుక్క చుక్కా పడుతోంది. మేనేజరు వయసులో అతని కంటే చిన్నది. మాట సూటిగా ఉంటుంది.

ముందు రేడియోను అడిగింది. "జవాబు వచ్చాకే తీశావా?"

"సరే అన్నాడనుకున్నాను మేడమ్."

"అన్నాడా, అనుకున్నావా?"

రేడియో నోట మాట లేదు. ఆ గదిలో అది కొత్త విషయం.

ఆమె ఇతని వైపు తిరిగింది. "మీరు చెప్పండి. తిరిగి చెప్పారా?"

బయట ఫోన్ మోగుతోంది. బకెట్టులో చుక్క పడింది. ప్రశ్న అర్థమైంది. జవాబు కూడా సిద్ధంగానే ఉంది. కానీ నోటిదాకా రావడానికి ఫోన్ అడ్డంగా ఉంది. రేడియో మోకాలు ఆడుతోంది. ఆమె పెన్ను బల్ల మీద ఆనించి చూస్తోంది.

"లేదు" అన్నాడు.

రేడియో తల వాలిపోయింది.

"ఇంకేం. మౌనం అర్ధాంగీకారం అనేది పెళ్ళి మాటల్లో చెల్లుతుందయ్యా. లిఫ్టు మీద మౌనమంటే ఆగమని" అని ఆమె రేడియోతో అంది. "నువ్వు బయట కూర్చో. నీ సంగతి తర్వాత చెప్తాను. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు కూడా."

రేడియో లేచాడు. తలుపు తెరవగానే ఫోన్ మోత గదినిండా వచ్చి పడింది.

"తలుపు వెయ్యి" అన్నాడు ఇతను. రేడియో బయటికి వెళ్ళి వేయబోయాడు. "బయట్నుంచి కాదు. లోపల్నుంచి. నువ్వుండు."

మేనేజరు కనుబొమలు పైకి లేచాయి. తన గదిలో ఇంకొకరు ఆజ్ఞలివ్వడం ఆమెకు అలవాటు లేదు. కానీ తాళంకప్ప అన్ని మాటలు వరసగా మాట్లాడటం కూడా ఆమె ఎన్నడూ వినలేదు.

అతను బల్ల అంచును చూస్తూ చెప్పాడు. జవాబు ఆ ఒక్కరోజే కాదు, ఎప్పుడూ సమయానికి ఇవ్వలేదన్నాడు. వద్దనిపిస్తేనే చెప్పమని రేడియో అడిగితే తాను ఒప్పుకున్నానన్నాడు. అలా ఒప్పుకోవడం తనకు సుఖంగా అనిపించిందన్నాడు. వాకీటాకీలో మాట తనకు ఆలస్యంగా అర్థమవుతుందన్నాడు.

"చెవుడా?"

"కాదు. ఆటిజం."

ఆమె ముందున్న కాగితాన్ని పక్కకు జరిపింది.

"డాక్టరు చెప్పారా, మీరే అనుకుంటున్నారా?"

"డాక్టరే. నిరుడు."

"నిరుడా?" ఆమె వెనక్కి వాలింది. "నిరుడు తెలిసి, ఇన్నాళ్ళూ అలాగే కప్పు మీదికి ఎక్కుతున్నారా? ఆ చెయ్యి పోయుంటే ఎవరిది బాధ్యత? నాది. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే షాఫ్టులోకి పంపేవారా?"

ఆమె ఏమీ అనలేదు. నిజాయితీ గల మనిషి కాబట్టి అనలేదు. చివరికి పెన్ను మూత పెట్టి, "ఇవాళ్టి నుంచి షాఫ్టులోకి దిగకండి. కంపెనీ డాక్టరు చూసి చెప్పేదాకా వర్క్‌షాపులో కూర్చోండి. ఇది మీ..." అని ఆగింది.

"మంచికే" అన్నాడు అతను.

"అవును" అంది ఆమె, కాస్త ఆశ్చర్యంగా.

వర్క్‌షాపులో తలుపు తాళాలు బాగుచేస్తూ గడిపిన రోజులు అతనికి బరువుగానే గడిచాయి. వార్త పాకింది. ఎప్పుడూ భుజం మీద చరిచి వెళ్ళేవాళ్ళు చరచడం మానేశారు. అతనికి అది హాయిగానే ఉంది గానీ, మానేసిన కారణం హాయిగా లేదు. స్టోరు గుమస్తా అయితే పక్కకు వచ్చి, ఒక్కో అక్షరం విడదీసి, ఊరి చివరకు వినపడేలా "టీ... తాగు... తావా?" అన్నాడు.

"చెవులు బాగానే ఉన్నాయి. టీ వద్దు."

ఇంట్లో భార్య ప్రతి సాయంత్రం అతని ముఖం చూసి, అడగాల్సింది మింగి, ఇంకేదో అడిగేది. 'నేను ముందే చెప్పాను' అనే మాటను ఆమె అన్నాళ్ళు నాలుక మీద ఆపుకోవడం పెద్ద విషయమే.

చివరికి నిర్ణయం వచ్చింది. కప్పు మీద నడుపుకునే బటన్లున్న లిఫ్టులకు అతను వెళ్ళవచ్చు, అక్కడ కదిపేది అతనే కాబట్టి. మెషిన్ రూము నుంచి నడిపే పాతవాటికి వెళ్ళకూడదు. అతనికి ఇష్టమైనవన్నీ పాతవే. రేడియోను తీసేయలేదు. ఉద్యోగం ఖాయం కావడం మాత్రం వాయిదా పడింది. జోడీ మార్చలేదు.

మళ్ళీ పనిలోకి దిగిన ఉదయం ఇద్దరూ ఒక కొత్త భవనం మెట్లెక్కుతున్నారు. రేడియో మూడు అంతస్తుల దాకా నోరు విప్పలేదు. తర్వాత మెట్టు మీదే ఆగిపోయాడు.

"ఒకటి అడగనా అన్నా? మేడమ్‌కి చెప్పాలా వద్దా అని నువ్వు రాత్రంతా కొట్టుమిట్టాడావంట, వదిన చెప్పింది. మరి నాకెందుకు చెప్పలేదు? బటన్ మీద వేలు మేడమ్‌ది కాదు కదా. నాది. నీ చెయ్యి పోతే జన్మంతా నిద్ర పట్టనిది నాకు."

అతను నిలబడిపోయాడు. కంపెనీ ఏమంటుంది, భార్య ఏమంటుంది, పెద్దాయన ఏమంటాడు, అన్నీ తూచాడు. ఈ మనిషి పేరు ఆ తూకంలో ఎక్కడా లేదు. జవాబు కోసం వెతికాడు. రేడియో తొందరపెట్టలేదు. రెండోసారి అడగలేదు. మెట్ల గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"చెప్తే వేరే జోడీ కావాలని అడుగుతావనుకున్నాను."

"అడిగేవాణ్ణే."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ అడిగానన్నా. మేడమ్ కుదరదంది."

అతనికి నవ్వొచ్చింది. పైకి రాలేదు గానీ వచ్చింది. ఇన్ని రోజుల్లో అతనితో ఎవరూ చుట్టూ తిప్పకుండా మాట్లాడిన మాట అదొక్కటే.

"మళ్ళీ అడుగుతావా?"

రేడియో సంచీ భుజం మార్చుకున్నాడు. "ఇవాళ్టి పని చూసి చెప్తా" అని, ముందు నడిచాడు.